రెండు వేళ్ళ క్లచ్

1వ తేదీ, సోమవారం. ఉదయం.

కొత్త డైరీ. కొత్త శపథం. కొత్త నేను!

శపథం ఇది: మా షెడ్డులో ఉన్న ముసలి రేసు బండి క్లచ్‌ని రెండు వేళ్ళతో నొక్కేంత తేలిగ్గా చేసి తీరతాను. గడువు 28, ఆదివారం. ఆ రోజు పాత బళ్ళ రేసు.

నియమాలు:
మామగారిని అడగను.
ఇంకెవరినీ అడగను.
మా ఆవిడకి చెప్పను. ఆఖరి రోజున తనే లివరు నొక్కి నోరెళ్ళబెట్టాలి.

కళ్ళజోళ్ళ షాపువాడికి బండి రిపేరేమిటని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వుకోనీ. ఆవగింజంత స్క్రూలతో ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి. నిమ్మకాయంత బోల్టులు నాకో లెక్కా!

అదే రోజు, సాయంత్రం.

ఉత్సాహంలో అసలు సంగతి రాయడం మరిచాను.

బండి మామగారిది. బురదలో, మట్టిదిబ్బల మీద పరుగు పందేలకి చేసిన మోటారుసైకిలు. హెడ్‌లైటు లేదు, హారన్ లేదు, మర్యాద అసలే లేదు. ఇంట్లో అందరం దాన్ని మొండిఘటం అంటాం. మా ఆవిడ పదిహేడో ఏట నుంచీ ఏటా దాన్ని రేసులో నడుపుతోంది. దిబ్బల మీంచి ఎగిరి దూకినా గోరు కూడా విరగని మనిషి, ఈ ఏడు స్నానాలగదిలో జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు. ఎముక అతికింది. పట్టు మాత్రం రాలేదు. క్లచ్ ఉండేదేమో ఎడమచేతికి!

మామగారు పోయిన వారం తేల్చి చెప్పేశారు. "నడిపేవాళ్ళు లేని బండి నాకెందుకమ్మా? ఈసారి రేసులో దిగలేకపోతే హోటల్ ఆయనకి ఇచ్చేస్తాను. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు." ఆ హోటల్ ఆయన దాన్ని ముందు హాల్లో పూలకుండీల మధ్య నిలబెడతాడట. జనం పక్కన నించుని ఫోటోలు దిగడానికి.

"మీ ఇష్టం నాన్నా" అంది మా ఆవిడ. అని లోపలికెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. నేను చూశాను. నాకు చాలా బాధేసింది. అందుకే ఈ శపథం.

మామగారిని ఎందుకు అడగనంటే, అడిగితే ఆయన చెప్పే మాట నాకు ముందే తెలుసు. "క్లచ్ బరువు కాదు అల్లుడుగారూ, మీ చెయ్యి తేలిక." నా పెళ్ళిలో చుట్టాలందరి ముందూ అన్నారు. చుట్టాలింకా మరిచిపోలేదు.

3వ తేదీ, బుధవారం.

లివరు ఊడదీసి, తుడిచి, గ్రీజు రాసి బిగించాను. నొక్కి చూశాను. తేలికైనట్టే ఉంది! మళ్ళీ నొక్కాను. కానట్టే ఉంది. మళ్ళీ నొక్కాను. తేల్చుకోలేక సాయంత్రమంతా నొక్కుతూనే ఉన్నాను.

4వ తేదీ, గురువారం.

ఎడమచెయ్యి లేవట్లేదు. షాపులో పోస్టాఫీసు ఆయనకి కొత్త కళ్ళజోడు పెట్టబోయి చెవిలో పొడిచాను. "కొత్త మోడలా?" అన్నాడు పాపం.

6వ తేదీ, శనివారం.

దొరికింది!! తప్పు లివరుది కాదు, క్లచ్ వైరుది. ఏళ్ళ తరబడి బురద తాగి లోపల గరగరలాడుతోంది. నూనె పడితే చాలు.

షాపునుంచి నా సన్నమూతి సీసా తెచ్చాను. కళ్ళజోడు మడతలు కిర్రుమనకుండా వేసే నూనె. అంతకంటే పల్చటి నూనె ఈ లోకంలో లేదు. వైరు పైకొనలోంచి చుక్క చుక్కగా సీసా మొత్తం దించాను. నొక్కి చూస్తే, ఆహా! వెన్నలో కత్తి!

మా ఆవిడ షెడ్డు గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏం చేస్తున్నారండీ?"

"దుమ్ము దులుపుతున్నా."

"మీరా?" అని వెళ్ళిపోయింది. అనుమానం వచ్చినట్టు లేదు.

శపథం పట్టి వారం కూడా కాలేదు, పని అయిపోయింది. మిగిలిన మూడు వారాలూ ఏం చెయ్యాలో ఆలోచించుకోవాలి.

7వ తేదీ, ఆదివారం. ఉదయం ఏడు.

లివరు కదలట్లేదు.

ఏడుంపావు.

రెండు చేతులతో లాగినా కదలట్లేదు. కాలు ఆనించి లాగినా కదలట్లేదు.

ఎనిమిది.

షాపుకి పరుగెత్తాను. అక్కడ నా బల్ల మీద రెండు సీసాలుంటాయి. ఒకే సైజు, ఒకే నీలిమూత. ఎడమవైపుది నూనె. కుడివైపుది స్క్రూ ఊడిపోకుండా వేసే జిగురు. బల్ల మీద ఉన్నంతసేపూ నేనెన్నడూ పొరపాటు పడలేదు. జేబులో వేసుకున్నాక ఎడమేది, కుడేది?

బల్ల మీద మిగిలినది నూనె సీసా.

9వ తేదీ, మంగళవారం.

తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. షెడ్డుకి తాళం వేశాను. "దుమ్ము దులపడం అయిపోయిందా?" అంది మా ఆవిడ. "దుమ్ము చాలా ఉంది" అన్నాను.

ఆ జిగురు గురించి నేనే గిరాకీలకి గొప్పగా చెబుతుంటాను, లోహం లోహం మధ్య పడితే ఇక ఊడదని. నిజమే చెబుతున్నానని ఇప్పుడు తెలిసింది.

10వ తేదీ, బుధవారం.

బాగా ఆలోచించాను. మామగారిని *నేను* అడగకూడదు, అంతే కదా నియమం. ముక్కూముఖం తెలియని మనిషెవడో ఫోన్ చేసి అడిగితే నియమానికేం నష్టం?

పక్కనున్న పుస్తకాల షాపులోంచి ఫోన్ చేశాను. ముక్కు పట్టుకుని మాట్లాడాను.

"నమస్కారమండీ, పాత రేసు బళ్ళ గురించి మీకు తెలుసని విన్నాను."

"చెప్పండి" అన్నారు మామగారు.

"నా బండి క్లచ్ వైరు పట్టేసిందండీ."

"ఏ రంగు బండి?"

"ఎరుపు. కాదు, నీలం."

"ఊఁ. అందులో ఏమైనా పోశారా?"

"ఏదో కాస్త... నూనెలాంటి జిగురు."

అవతల తుపుక్కుమన్న చప్పుడు, టీ అనుకుంటాను.

"ఇన్నేళ్ళలో క్లచ్ వైరు తెంపినవాణ్ణి చూశాను, వంచినవాణ్ణి చూశాను. అతికించినవాణ్ణి ఇదే చూడటం. షెడ్డు తాళం తీసి ఉంచండి అల్లుడుగారూ. అమ్మాయికి చెప్పన్లే."

11వ తేదీ, గురువారం.

మా ఆవిడ బడికి వెళ్ళగానే మామగారు వచ్చారు. (ఆటల టీచరు తను. మెడలో ఈల లేకుండా ఇంట్లోంచి కదలదు.) కొత్త వైరు కొలిచి, కోసి, కొన అతికించి, గంటలో బిగించేశారు. మళ్ళీ పాత బరువే.

"కాస్త తేలిక చెయ్యలేమా మామగారూ?" అనబోయి నాలుక కరుచుకున్నాను. శపథం.

ఆయన వెళ్ళాక కింద కూర్చుని చూస్తే ఒక విచిత్రం కనిపించింది. వైరు రెండో కొన ఇంజను దగ్గర ఒక చిన్న ఇనుప చేతికి తగులుకుని ఉంటుంది. ఆ చెయ్యి ఎంత పొడుగైతే లాగడం అంత తేలిక. ఆ చేతికి ఎవరో పొడుగు కోసం ఒక ముక్క అతికించి, దానికి మూడు బెజ్జాలు పెట్టారు! వైరు మాత్రం వాటిల్లో లేదు, మొదట్నుంచీ ఉన్న పాత బెజ్జంలోనే ఉంది.

ఇంత సుళువు దగ్గరుంచుకుని మామగారు వాడటంలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు మరి ఆయన. రేపే మారుస్తాను. చివరి బెజ్జంలోకి!

12వ తేదీ, శుక్రవారం.

రెండు వేళ్ళు! రెండే వేళ్ళు!! చిటికెన వేలితో కూడా ప్రయత్నించాను, దాదాపు వచ్చింది!

14వ తేదీ, ఆదివారం.

ఆగలేకపోయాను. ఆఖరి రోజుదాకా ఎందుకని మా ఆవిణ్ణి షెడ్డుకి తీసుకొచ్చి, కళ్ళు మూసి, చెయ్యి లివరు మీద పెట్టాను. నొక్కింది. కళ్ళు తెరిచింది. నా వంక చూసిన ఆ చూపు కోసం ఇంకో వంద సీసాల జిగురు తాగమన్నా తాగుతాను.

వాకిట్లోకి తెచ్చి కిక్ కొట్టింది. క్లచ్ పూర్తిగా నొక్కిపట్టి గేరు వేసింది. క్లచ్ నొక్కి ఉన్నప్పుడు బండి కదలకూడదు. ఇది కదిలింది. నడిచింది. పరుగెత్తింది! లివరు తేలికైన మాట నిజమే కానీ, అవతల కొన సగమే కదులుతోంది. లోపల ప్లేట్లు విడిపోవట్లేదు.

ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లలోంచి దూసుకుపోయి, పూలదుప్పటి కప్పుకుని వీధి చివర ఆగింది మా ఆవిడ. ఎదురింటి పిన్నిగారు "దుప్పటి ఉతికిస్తే చాలు, ఎవరు నడిపారో నాకు అక్కర్లేదు" అన్నారు, నన్నే చూస్తూ.

15వ తేదీ, సోమవారం.

వైరు పాత బెజ్జంలోకి మార్చాను. నిరాశ లేదు. బెజ్జం కాదు అసలు కిటుకు, స్ప్రింగులు. క్లచ్ లోపలి స్ప్రింగుల్ని వదులు చేస్తే లివరు దానంతటదే తేలికవుతుంది. ఇంత చిన్న విషయం ముందే ఎందుకు తోచలేదో!

17వ తేదీ, బుధవారం.

షాపులో లాయరుగారి భార్య కళ్ళజోడు సరిచేస్తుంటే చట్రం నా ఎడమచేతిలో ఫట్‌మని విరిగింది. నాసిరకం సరుకు. కొత్తది ఉచితంగా ఇచ్చాను.

18వ తేదీ, గురువారం.

ఇంకోటి విరిగింది. సరుకు ఇచ్చేవాణ్ణి మార్చాలి.

స్ప్రింగులు వదులు చేశాను. మెత్తగా, హాయిగా ఉంది. ఆదివారం బడి వెనక గుట్ట మీద పరీక్ష.

21వ తేదీ, ఆదివారం.

మా ఆవిడ నడుపుతుంటే బండి గుట్ట సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ్నుంచి ఇంజను అరుపు పెరుగుతోంది, బండి వేగం తగ్గుతోంది. స్ప్రింగులు వదులైతే ప్లేట్లు జారిపోతాయని ఇప్పుడు తెలిసింది. సైకిలు నడిపించుకుంటూ పోతున్న పాలాయన పక్కనుంచి దాటి వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి తిరిగి, "తోయమంటారా అమ్మా?" అనడిగాడు.

మా ఆవిడ దిగింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"వద్దులెండి. మీరు మాత్రం ఎంత చేస్తారు? హోటల్ ఆయనకే ఇచ్చేద్దాం. కుండీల మధ్య నీడన ఉంటుంది" అంది.

ఇంటికొచ్చాక చూశాను. వంటింట్లో తడిగుడ్డ ఎడమచేతిలో పట్టుకుని పిండుతోంది. నీళ్ళు రావట్లేదు. మళ్ళీ పిండింది. నేను దగ్గుతూ పక్కకి తప్పుకున్నాను. నామీద నాకే అసహ్యమేసింది.

22వ తేదీ, సోమవారం.

షాపులో రద్దీ. షెడ్డుకి వెళ్ళలేదు.

23వ తేదీ, మంగళవారం.

వాన. షెడ్డుకి పైకప్పు ఉంది, నిజమే. కానీ చలి.

24వ తేదీ, బుధవారం.

ఎండ. మరీ ఎండ.

అయినా కుండీల మధ్య బండికి ఏం తక్కువ? రోజూ తుడుస్తారు. పాటలు పెడతారు. వెళ్ళి చూసిరావచ్చు. టీ కూడా అక్కడ బాగుంటుందట.

25వ తేదీ, గురువారం.

పై వాక్యం రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

శపథం వదిలేశాను. పొద్దున్నే మామగారింటికి వెళ్ళి, ముక్కు పట్టుకోకుండానే అడిగాను. "నావల్ల కాలేదు మామగారూ. ఎలా తేలిక చెయ్యాలో చెప్పండి."

ఆ పాత మాట అంటారని ఎదురుచూశాను. ఆయన అనలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నారు.

"బెజ్జాలు చూశారా?"

"చూశాను."

"ఎన్ని?"

"మూడు."

"మొదటిది అమ్మాయికి పదిహేడేళ్ళప్పుడు పెట్టాను. రెండోది మీ పెళ్ళయిన ఏడు. మూడోది మొన్న, దాని కట్టు విప్పిన మర్నాడు. ప్రతిసారీ ఎవర్నీ అడక్కూడదనే అనుకున్నాను." ఆయన తలొంచుకున్నారు. "నాకూ రాదు అల్లుడుగారూ."

ఇన్నేళ్ళకి మామగారు నాకు నచ్చారు. అంతలోనే కోపమూ వచ్చింది.

"మరి హోటల్ ఆయనకి ఇచ్చేస్తానని ఎందుకన్నారండీ?"

"పౌరుషం వస్తే పట్టు వస్తుందనుకున్నాను. దానికి కన్నీళ్ళొచ్చాయి. ఆయనకేమో మాటిచ్చేశాను. ఆదివారం ట్రాలీ తీసుకుని మైదానానికే వస్తానన్నాడు. రేసులో దిగితే సరే, లేకపోతే అక్కణ్ణించే తీసుకుపోతాడు."

ఇద్దరం కలిసి షెడ్డుకొచ్చి స్ప్రింగులు మళ్ళీ బిగించాం. పోనీ, మొండిఘటం మొండిఘటంలాగే పోనీ అన్నారాయన.

27వ తేదీ, శనివారం. సాయంత్రం.

ఏం జరిగిందో వరసగా రాయాలి.

మామగారు వచ్చారు. టీ పెడుతూ మా ఆవిడ పంచదార సీసా మూత తియ్యలేక నాకిచ్చింది. నేను మామగారితో మాట్లాడుతూనే ఎడమచేత్తో తిప్పాను. మూత వచ్చింది. సీసా మెడ కూడా వచ్చింది.

ముగ్గురం పగిలిన సీసా చూశాం.

"ఏమండీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి" అంది మా ఆవిడ. తిప్పి చూసింది, నొక్కి చూసింది. నా ఎడమ ముంజెయ్యి కుడిదానికంటే లావైంది. నాకే తెలియదు! నెలంతా తేలికైందా, కాలేదా అని ఆ లివరు ఎన్నిసార్లు నొక్కానో ఆ దేవుడికే తెలియాలి. కళ్ళజోళ్ళ సరుకు నాసిరకం కాదన్నమాట.

షెడ్డుకి లాక్కెళ్ళింది. "నొక్కండి."

నొక్కాను. ఒంటిచేత్తో. పట్టుకునే ఉన్నాను. అరచేతికి చెమట కూడా పట్టలేదు.

"రేసు నియమాల్లో, బయలుదేరేచోట అడ్డంగా కట్టే తాడు దగ్గర ఒక సహాయకుడు బండి పట్టుకుని నిలబడొచ్చని ఉంది కదా నాన్నా?"

"ఉంది. కాళ్ళు అందని పొట్టివాళ్ళ కోసం పెట్టారు" అన్నారు మామగారు.

"బండి పట్టుకోవాలన్నారు, ఏ భాగమో చెప్పలేదుగా. ఈయన క్లచ్ పట్టుకుంటారు. తాడు లేవగానే వదిలేస్తారు."

"బాగానే ఉంది, తరవాత గేర్లెలా మారుస్తావు?" అన్నాను.

"పరుగులో ఉన్నాక క్లచ్ ఎవరిక్కావాలండీ? యాక్సిలరేటర్ కాస్త తగ్గించి కాలితో తంతే గేరు అదే పడుతుంది. చిన్నప్పట్నుంచీ అలాగే చేస్తున్నా. బయలుదేరడానికే నాకు క్లచ్చు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"మీరు అడిగితేగా! దుమ్ము దులుపుతున్నాననేగా చెప్పారు."

మామగారు గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వారు.

28వ తేదీ, ఆదివారం. రేసు.

మైదానమంతా బురద. గీత దగ్గర వరసగా బళ్ళు, ముందు అడ్డంగా తాడు. మా ఆవిడ బండి మీద, నేను ఎడమపక్కన వంగి క్లచ్ పట్టుకుని. అవతల హోటల్ ఆయన, ట్రాలీ, బండి చుట్టూ చుట్టడానికి కొత్త కంబళి.

ఇంజన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. తాడు లేచింది. అందరూ వెళ్ళిపోయారు.

మేం వెళ్ళలేదు.

"వదలండీ!" అంది మా ఆవిడ.

వినబడింది. కానీ నెలరోజులుగా పట్టుకోవడమే నేర్చుకున్న చెయ్యి అది. బిగుసుకుపోయింది.

"వదులు!!"

పెళ్ళయ్యాక నన్ను ఏకవచనంలో పిలవడం ఇదే మొదలు. చెయ్యి దానంతటదే తెరుచుకుంది. వెనక చక్రం చిమ్మిన బురద నా నెత్తి నుంచి కాళ్ళదాకా పడింది. కళ్ళజోడు రెండద్దాలూ మూసుకుపోయాయి. తుడుద్దామంటే చొక్కా కూడా బురదే. ఊరందరికీ చూపు ఇచ్చేవాణ్ణి, మా ఆవిడ రేసు కళ్ళారా చూడలేకపోయాను!

మామగారే పక్కన నించుని చెప్పారు. "ఆఖర్న ఉంది... ఒకణ్ణి దాటింది... దిబ్బ ఎక్కింది, ఎగిరింది, అమ్మో! దిగింది, దిగింది... ఇంకో ఇద్దర్ని దాటింది అల్లుడుగారూ!" ఆయన నా ఎడమచెయ్యి పట్టుకున్నారు. తేలిక చెయ్యి అన్నారే, అదే చెయ్యి. రేసు అయ్యేదాకా వదల్లేదు.

బహుమతి రాలేదు. ఆఖర్న బయలుదేరి నడుమన చేరింది. హెల్మెట్ తీసినప్పుడు ముఖం మాత్రం పదిహేడేళ్ళ పిల్లలా ఉంది. అప్పటికి ఎవరో నీళ్ళబాటిల్ ఇస్తే అద్దాలు కడుక్కున్నాను. ఆ ముఖం చూశాను, చాలు.

హోటల్ ఆయన కంబళి పట్టుకుని వచ్చాడు. "మరి బండి..."

"ఇవ్వనండీ. నడిపేవాళ్ళు లేకపోతే ఇస్తానన్నాను. దీనికి ఇద్దరున్నారు. ఒకరు పైన, ఒకరు కింద" అన్నారు మామగారు.

ఆ కంబళి మాత్రం ఆయన మంచితనంతో నాకిచ్చాడు. తుడుచుకోమని.

29వ తేదీ, సోమవారం. ఉదయం.

మా ఆవిడ చేతికి పట్టు పెరగాలని మెత్తటి బంతి కొన్నాను. నాకు వదలడం ప్రాక్టీసు చేయిస్తానంది. ఇప్పుడే వంటింట్లోంచి ఈల ఊదింది. చేతిలో ఉన్న టీ కప్పు వదిలేశాను. పురోగతి!

కొత్త శపథం: వచ్చే ఏడాది రేసు నాటికి మొండిఘటం క్లచ్‌ని రెండు వేళ్ళతో నొక్కేంత తేలిగ్గా చేసి తీరతాను. ఈసారి నాలుగో బెజ్జం.

నియమాలు పాతవే. మామగారిని అడగను.

పొద్దున్నే డ్రిల్లు పట్టుకుని మామగారు షెడ్డు దగ్గర నిలబడి ఉన్నారు. "నాలుగోది ఎక్కడ పెడదామంటారు అల్లుడుగారూ?" అన్నారు.

నేను అడగలేదు. ఆయనే అడిగారు. కాబట్టి శపథం చెల్లుతుంది.